నన్ను ఓడించినవాడు గెలవాలి

2007లో హైదరాబాద్‌లో రాష్ట్రస్థాయి కుస్తీ పోటీలు. మొదటి కుస్తీలోనే ఓడిపోయి, ఎవరికీ చెప్పకుండా హాలు వెనక తలుపులోంచి బయటపడ్డాను. ఇరానీ హోటల్లో రెండు టీలు తాగి, నాంపల్లి స్టేషన్‌కి నడిచి, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కేశాను. బాత్రూమ్‌కి ఎదురుగా బ్యాగు మీద కూర్చుని వైజాగ్ దాకా వచ్చాను. మా టీమ్ తిరుగు టికెట్లు మర్నాటికి. ఓడినవాడి మొహం పెట్టుకుని ఇంకో రోజు అక్కడ ఎవడుంటాడు అని నా లెక్క.

రెండు రోజుల తర్వాత మాస్టారు మా ఇంటి అరుగు మీదికొచ్చి కూర్చున్నారు. నేవీలో చేసి రిటైరైన మనిషి, సర్వీసెస్‌లోనే కుస్తీ నేర్చుకున్నారు. నెమ్మదిగా అడిగారు.

"ఏట్రా, ఎక్కడికి ఎల్లిపోనావు? నిన్ను కొట్టినోడు ఫైనల్‌కి ఎల్లిపోనాడు. మైకులో నీ పేరు మూడుసార్లు పిలిసినారు. ఎక్కడున్నావురా బాబూ?"

"గోదావరిలో" అన్నాను. లోపల్నుంచి మా అమ్మ గాభరాగా తొంగి చూసింది.

సంగతేమిటంటే, అప్పటికి రెండేళ్ల ముందు, 2005లో, అంతర్జాతీయ రూల్సు మారాయి. ఒక్కసారి ఓడితే బయటికే, కానీ ఒక కిటికీ తెరిచి ఉంచారు. నిన్ను ఓడించినవాడు ఫైనల్ చేరితే, వాడి చేతిలో ఓడినవాళ్లందరినీ మళ్లీ పిలుస్తారు. వాళ్లు ఆడుకుంటూ వస్తే చివరికి కంచు పతకం. దీన్ని రెపెచాజ్ అంటారు. ఫ్రెంచి మాటట. నీళ్లలో పడ్డదాన్ని మళ్లీ పట్టి పైకి లాగడం అని అర్థం, చేపని లాగినట్టు. జాలారిపేట పక్కన పెరిగినవాణ్ని, ఆ మాట నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఎటొచ్చీ పైకి లాగే టైముకి నేను నీళ్లలో లేను, నాంపల్లిలో ఇడ్లీ తింటున్నాను. నాకు ఎదురుగా నిలబడాల్సిన కుర్రాడికి కుస్తీ పట్టకుండానే రెఫరీ చెయ్యెత్తేశాడు.

మాస్టారి తప్పూ ఉందని అప్పట్లో చాలా కోపంగా ఉండేది. ముందే చెప్పొచ్చు కదా! కానీ ఆయన పెరిగింది మట్టి గోదాల కాలంలో. మట్టిలో వీపు అంటిందా, కథ ముగిసినట్టే, లంగోటా మీద తువ్వాలు చుట్టుకుని వెళ్లిపోవడమే. మనం 'చిత్తుగా ఓడించాడు' అంటాం చూడండి, ఆ చిత్తు కుస్తీ నుంచి వచ్చిందే, వెల్లకిలా పడటం. పాత పోస్టాఫీసు వైపు ఒక రేకుల షెడ్డులో ఆయన మాకు నేర్పేవారు. గోడకి ఆంజనేయస్వామి పటం, దాని పక్కన కోడి రామ్మూర్తి నాయుడు గారి ఫోటో. వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి ఫోటో కింద మేం 55 కిలోల కుర్రాళ్లం దండీలు, బస్కీలు తీసేవాళ్లం. మ్యాటు లేదు. తెల్లారకుండా ఆర్కే బీచ్ ఇసుకలో పట్లు వేసుకునేవాళ్లం. హైదరాబాద్‌లో అసలు మ్యాటు మీద కాలు పెడితే పాదం జారుతున్నట్టు కాదు, అతుక్కుపోతున్నట్టు అనిపించింది.

ఆ 55 కిలోల కోసం పడ్డ పాట్లు ఇంకోటి. నా అసలు బరువు యాభై ఏడున్నర. ఎండాకాలంలో రెయిన్‌కోటు వేసుకుని కోస్టల్ బ్యాటరీ నుంచి లాసన్స్ బే దాకా పరుగు. వెళ్లేటప్పుడు రైల్లో నీళ్లు తాగకుండా నిమ్మచెక్క చప్పరిస్తూ, ఉమ్ము సీసాలో వేస్తూ కూర్చుంటే ఎదురు సీటు మామ్మగారు 'కడుపుతో ఉన్నదానిలాగ ఏటా వేవిళ్లు' అంది. ఇంత చేసి, నాలుగు నిమిషాల్లో రెండు రౌండ్లూ పోగొట్టుకుని వచ్చేశాను. నన్ను ఓడించింది చార్మినార్ వైపు తాలింఖానా కుర్రాడు, ఎడమచేతి వాటం. కుస్తీ అయ్యాక వంగి నా మోకాలు నిమిరి "ఠీక్ హై భాయ్?" అన్నాడు. పేరు గుర్తులేదు. ఫైనల్లో గెలిచాడో లేదో కూడా తెలియదు.

ఇంత సోది ఎందుకంటే, యోగేశ్వర్ దత్ గురించి రాద్దామని కూర్చున్నాను. ఆయన కుస్తీ జీవితాన్ని చాలామంది లండన్ ఒలింపిక్స్ కంచు పతకంతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. నాకు మాత్రం ఆ జీవితమంతా ఈ రెపెచాజ్ అనే గాలానికి తగులుతూ, తప్పిపోతూ నడిచినట్టు కనబడుతుంది. గోదావరి ఎక్కినవాడి కళ్లకి అలాగే కనబడుతుంది మరి.

హర్యానాలో సోనీపత్ జిల్లా, భైంస్వాల్ కలాన్ ఊరు. 1982లో పుట్టాడు. ఢిల్లీలో ఛత్రసాల్ స్టేడియంలో తయారయ్యాడు, సుశీల్ కుమార్‌తో పాటే. 21 ఏళ్లకి ఏథెన్స్ ఒలింపిక్స్, 55 కిలోలు. అక్కడ ఏమీ రాలేదు. 2006లో తండ్రి పోయాడు. ఆ ఏడాది చివరే దోహా ఏషియన్ గేమ్స్‌లో 60 కిలోల్లో కంచు తెచ్చాడు.

2008 బీజింగ్ నుంచి నేను మెలకువగా చూడటం మొదలుపెట్టాను. ఆగస్టు 19న క్వార్టర్ ఫైనల్లో జపాన్ కెనిచి యుమోటో చేతిలో యోగేశ్వర్ ఓడాడు. ఇక యుమోటో ఫైనల్ చేరాలి. చేరలేదు. అంతే, యోగేశ్వర్ బ్యాగు సర్దుకోవాల్సిందే. మర్నాడు 66 కిలోల్లో సుశీల్ తొలి కుస్తీలోనే ఉక్రెయిన్ స్టాడ్నిక్ చేతిలో ఓడాడు. స్టాడ్నిక్ ఫైనల్‌కి వెళ్లాడు. సుశీల్‌ని పిలిచారు, వరసగా మూడు కుస్తీలు గెలిచి కంచు పట్టుకొచ్చాడు. 1952 హెల్సింకీలో ఖాశాబా జాధవ్ తర్వాత కుస్తీలో మనకి వచ్చిన పతకం అదే, 56 ఏళ్లకి. దేశమంతా టపాసులు కాలుస్తుంటే నేను కాన్వెంట్ జంక్షన్ దగ్గర టీకొట్టు టీవీ ముందు నిలబడి, అయితే మైకులో నన్ను పిలిచింది దీనికా అనుకున్నాను. మాస్టారు చెప్పినప్పుడు తలకెక్కని రూలు ఆ రోజు కడుపులోకి దిగింది.

ఒకే స్టేడియం, ఒకే గురువు సత్పాల్, ఒక్క రోజు తేడా. ఒకడిని ఓడించినవాడు ముందుకెళ్లాడు, రెండోవాడిని ఓడించినవాడు ఆగిపోయాడు. నీ బతుకు నీ చేతిలో ఉందంటారు గానీ, రెపెచాజ్‌లో మాత్రం నిన్ను కింద పడేసినవాడి చేతిలో ఉంటుంది.

తర్వాత యోగేశ్వర్ మోకాలు దెబ్బతింది. కుస్తీ అయిపోయిందన్నవాళ్లూ ఉన్నారు. 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో తిరిగొచ్చి 60 కిలోల్లో బంగారం కొట్టాడు. మనవాళ్లకి కామన్వెల్త్‌లో కుస్తీ కొంత తేలికే అని నా అభిప్రాయం, ఇరాన్, రష్యా, జపాన్ ఉండవు కదా. కానీ మోకాలికి ఆ తేడా తెలియదు.

2012 ఆగస్టు 11, శనివారం. అప్పటికి నేను పోర్టులో టాలీ, అంటే సరుకు లెక్క, రాసే పనిలో చేరాను. షిఫ్టు దిగి, కాన్వెంట్ జంక్షన్ దగ్గర లారీలవాళ్లు తినే హోటల్లో రొట్టెలు తెప్పించుకున్నాను. యోగేశ్వర్ రెండో కుస్తీలోనే రష్యా బెసిక్ కుదుఖోవ్ చేతిలో ఓడిపోయాడని అప్పటికే తెలుసు. కుదుఖోవ్ అంటే అప్పటికి నాలుగుసార్లు ప్రపంచ చాంపియన్. అతను సెమీస్ కూడా గెలిచాడని టీవీ అడుగున గీత వెళ్లేసరికి, చేతిలో రొట్టె ముక్క వదిలేసి లేచి నిలబడ్డాను. పక్క బల్ల మీద హర్యానా నంబరు లారీ డ్రైవరు కూడా లేచాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఒక రష్యావాడు గెలిచినందుకు వైజాగ్ లారీ హోటల్లో ఇద్దరం మనవాళ్లం సంతోషపడటం. కుస్తీ తెలియనివాడికి చెబితే పిచ్చనుకుంటాడు.

తర్వాత ఒకదాని వెంట ఒకటి మూడు కుస్తీలు. ప్యూర్టోరికో గోమెజ్, ఇరాన్ ఇస్మాయిల్‌పూర్, చివరికి ఉత్తర కొరియా రీ జాంగ్ మ్యాంగ్. కంచు కుస్తీకి వచ్చేసరికి ఒక కన్ను బన్నులాగ ఉబ్బి మూసుకుపోయింది. ఒంటికన్నుతో కుస్తీ అంటే, చూడనివాళ్లకి చెబుతున్నాను, దూరం తెలియదు. ఎదుటివాడి చెయ్యి జానెడు దూరంలో ఉందో మూరెడు దూరంలో ఉందో అందదు. కళ్లతో కాదు, ఒంటితో చూడాలి. మాస్టారు మమ్మల్ని బీచ్‌లో కళ్లకి తువ్వాలు కట్టి పట్లు వేయించేది ఇందుకేనా అని అప్పుడు తట్టింది. మేం మాత్రం ఆయన కాసేపు కునుకు తీయడానికి అనుకునేవాళ్లం.

అప్పటి రూలు రెండేసి నిమిషాల మూడు రౌండ్లు. ఏ రెండు గెలిచినా చాలు. రౌండు 0-0గా ముగిస్తే రెఫరీ సంచీలోంచి ఎర్రదో నీలందో ఒక బంతి తీసేవాడు. ఎవరి రంగు వస్తే వాడు ఎదుటివాడి కాలు చేతిలో పట్టుకుని మొదలుపెడతాడు. కుస్తీలో లాటరీ ఏమిటో! ఒలింపిక్స్‌లో ఆ బంతి కనబడటం అదే ఆఖరు, తర్వాతి ఏడాది ఎత్తేశారు, పీడ పోయింది.

మొదటి రౌండు రీది. రెండోది యోగేశ్వర్‌ది. మూడో రౌండులో అతన్ని బోర్లా పడేశాడు. పక్కన డ్రైవరు కుర్చీ ఎక్కి "ఫితలే! ఫితలే!" అని అరవడం మొదలుపెట్టాడు. నాకు ఆ మాట తెలియదు. అతను నా వైపు తిరిగి, చెప్పుల కాళ్లు రెండూ అడ్డంగా పెట్టి చూపించి, చేతుల్తో బూటు లేసు ముడేస్తున్నట్టు చేశాడు. అప్పుడు చూశాను. యోగేశ్వర్ రీ చీలమండలు రెండింటినీ కత్తెరలాగ ఒకదాని మీద ఒకటి మెలిపెట్టి, చంక కిందికి లాక్కుని, పక్కకి దొర్లాడు. కాళ్లు బిగిసిపోయాక పైన ఒళ్లు ఎంత బలమున్నా పనికిరాదు, కాళ్ల వెంట అదీ దొర్లాల్సిందే. ఒకసారి. విడవలేదు. మళ్లీ. మళ్లీ. రోలు పొత్రంలాగ తిప్పాడు. నిమిషం దాటీ దాటకముందే 6-0. రెఫరీ ఆపేశాడు.

డ్రైవరు నా రొట్టెల డబ్బులు కూడా ఇచ్చేశాడు. నేను అతనికి సోడా తాగించాను. అతని ఊరు సోనీపత్ పక్కనే అన్నాడు. లారీ హర్యానాది కాబట్టి నమ్మాను.

మర్నాటి నుంచి వారం రోజులు మా షెడ్డులో కుర్రాళ్లందరూ ఫితలేనే. ఒకడి చీలమండ బెణికి వాచింది, వాళ్లమ్మ వచ్చి మాస్టార్ని కడిగేసింది.

లండన్ తర్వాత ఆరు నెలలకి, 2013 ఫిబ్రవరిలో, అసలు కుస్తీనే ఒలింపిక్స్ నుంచి తీసేద్దామని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ (ఐఓసీ) కార్యవర్గం సిఫార్సు చేసింది. ఆ సెప్టెంబర్‌లో బ్యూనస్ ఐరీస్‌లో ఓటింగ్ పెట్టి మళ్లీ తీసుకున్నారు. ఆటకే రెపెచాజ్ అన్నమాట. ఈ మధ్యలో రూల్సు మార్చారు, మూడేసి నిమిషాల రెండు రౌండ్లు, పాయింట్లన్నీ కలిపి లెక్క. బరువు తరగతులూ మార్చి 60 కిలోలు ఎత్తేశారు. యోగేశ్వర్ 65కి వెళ్లాడు. ముప్పై దాటాక అయిదు కిలోలు పైకి వెళ్లడమంటే తనకంటే ఎముక పెద్ద కుర్రాళ్లతో తలపడటమే. అయినా 2014లో గ్లాస్గో కామన్వెల్త్ బంగారం, సెప్టెంబర్‌లో ఇంచియాన్ ఏషియన్ గేమ్స్ బంగారం. ఏషియన్ గేమ్స్ కుస్తీలో 1986లో కర్తార్ సింగ్ తర్వాత మనకి బంగారం అదే. నన్నడిగితే లండన్ కంచు కంటే ఇంచియాన్ బంగారం బరువైనది.

ఇంచియాన్ అయిన రెండు వారాలకి హుద్‌హుద్ తుపాను వచ్చింది. షెడ్డు రేకులు ఎగిరిపోయాయి, ఆంజనేయస్వామి పటం ఎక్కడో కాలవలో దొరికింది, కోడి రామ్మూర్తి గారి ఫోటో దొరకనే లేదు. అంతకుముందే చందాలేసి కొన్న మ్యాటు ఉప్పునీళ్లు తాగి గేదెలా ఉబ్బింది. మాస్టారు దాన్ని మూడు రోజులు ఎండలో తిరగేస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత ఏడాదే ఆయనా పోయారు.

ఇప్పుడు అసలు సంగతి. కుదుఖోవ్ 2013 డిసెంబర్‌లో కారు ప్రమాదంలో చనిపోయాడు. 27 ఏళ్లు. 2016లో లండన్ నాటి డోపింగ్ శాంపిళ్లు మళ్లీ పరీక్షిస్తే అతనిది తేడా వచ్చిందని ఆగస్టు చివర్లో వార్తలొచ్చాయి. అంటే లండన్ ఫైనల్లో ఓడి అతను తీసుకున్న వెండి యోగేశ్వర్‌కి రావచ్చు. మా వాట్సాప్ గ్రూపంతా లడ్డూలే. యోగేశ్వర్ మాత్రం ట్విట్టర్‌లో, వీలైతే ఆ పతకం కుటుంబం దగ్గరే ఉండనివ్వండి, అతను గొప్ప వస్తాదు అన్నట్టు రాశాడు. చివరికి మనిషి బతికి లేడు కాబట్టి ఐఓసీ కేసు మూసేసింది. వెండి కుదుఖోవ్ పేరునే ఉంది.

గ్రూపులో పెద్ద గొడవ. వచ్చే వెండిని కాలదన్నుకున్నాడని ఒకడు, డోపింగ్ చేసినవాడి మీద జాలేమిటని ఇంకోడు. రెండో మాట కొట్టేసేది కాదు, శుభ్రంగా ఆడినవాళ్లకి అన్యాయం జరగకూడదు. కానీ నేను ఆ రాత్రి రొట్టె వదిలేసి లేచి నిలబడ్డవాణ్ని. కుదుఖోవ్ సెమీస్‌లో ఓడి ఉంటే యోగేశ్వర్‌కి లండన్‌లో ఏమీ లేదు. బీజింగ్‌లో అదే జరిగింది కూడా. యోగేశ్వర్ ఇదే లెక్క వేసుకున్నాడని నేననడం లేదు, ఆయన మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది. నాకైతే చార్మినార్ కుర్రాడు గుర్తొచ్చాడు. వాడు నా కోసం ఫైనల్ దాకా వెళ్లాడు, నేను అక్కడ లేను.

అదే 2016 ఆగస్టులో రియో. మొదటి కుస్తీలోనే మంగోలియా మందఖ్‌నరన్ చేతిలో 0-3. మంగోలియావాడు ఫైనల్ చేరలేదు, యోగేశ్వర్ ఒలింపిక్స్ అక్కడితో సరి. ఆ మంగోలియావాడి కంచు కుస్తీయే, గుర్తుందా, తీర్పు నచ్చక ఇద్దరు కోచ్‌లు మ్యాటు మీద బట్టలిప్పేసిన కుస్తీ. అదే రియోలో సాక్షి మలిక్ రెపెచాజ్‌లోంచే వచ్చి కంచు కొట్టింది, చివరి కుస్తీలో 0-5 నుంచి 8-5కి.

తర్వాత యోగేశ్వర్ డీఎస్పీ ఉద్యోగం వదిలి రాజకీయాల్లోకి వెళ్లాడు. 2019లో బరోదా అసెంబ్లీ సీటులో ఓడాడు, 2020లో అక్కడే ఉప ఎన్నిక వస్తే మళ్లీ నిలబడి మళ్లీ ఓడాడు. ఆ గోదాలో ఫితలే పనిచేసినట్టు లేదు.

రెపెచాజ్ చేసిన వింతల్లో పెద్దది పారిస్‌ది. 2024లో వినేశ్ ఫోగాట్ మొదటి కుస్తీలోనే జపాన్ సుసాకిని ఓడించింది, బయటి దేశాలవాళ్లెవరికీ అంతవరకు లొంగని పిల్ల. తర్వాత ఉక్రెయిన్ లివాచ్‌ని, క్యూబా గుజ్మాన్‌ని. మర్నాడు పొద్దున్న ఫైనల్‌కి ముందు తూస్తే వంద గ్రాములు ఎక్కువ, పోటీలోంచే తీసేశారు. అందరం దాని గురించే ఏడ్చాం. కానీ చూడండి, వినేశ్ ఓడించిన సుసాకి, లివాచ్ ఇద్దరూ కంచు కోసం ఆడుకున్నారు, సుసాకి గెలిచింది. వినేశ్ చోట గుజ్మాన్ ఫైనల్ ఆడి వెండి తీసుకుంది. ఓడినవాళ్లు ఇద్దరు మెడలో పతకాలేసుకున్నారు, గెలిచినామె ఉత్త చేతులతో వచ్చింది. మా రోజుల్లో బరువు ముందు రోజే ఒక్కసారి చూసేవారు. ఇప్పుడు రెండు రోజులూ పొద్దున్నే. రెయిన్‌కోటులో పరుగెత్తినవాళ్లకి ఆ వంద గ్రాములేమిటో తెలుసు, ఒక గ్లాసు నీళ్లు కూడా కాదు.

పోయిన నెల మా మేనకోడల్ని విజయనగరంలో పోటీలకి తీసుకెళ్లాను. పద్నాలుగేళ్లు. మొదటి కుస్తీలోనే ఓడిపోయింది. మొహం కడుక్కొచ్చి బ్యాగు జిప్పు వేస్తోంది.

"కూర్చో" అన్నాను.

"ఎందుకు మావయ్యా? బస్సుకి టైమవుతోంది కదా."

"ఆ పిల్ల గెలవాలి. కూర్చో."

నా మొహంలో ఏం చూసిందో, కూర్చుంది. గంటన్నర. తనని ఓడించిన పిల్ల క్వార్టర్స్ ఆడుతుంటే చేతులు కట్టుకుని చూసింది. సెమీస్‌కి వచ్చేసరికి బెంచీ ఎక్కి, "కాలు పట్టు, కాలు పట్టు!" అని గొంతు చించుకుంది. అవతలి కోచ్ వింతగా మా వైపు చూశాడు. ఆ పిల్ల ఆఖరి పది సెకన్ల దాకా రెండు పాయింట్లు పైనే ఉంది. అప్పుడు వెనక్కి తగ్గి, గీత దగ్గర కాలు దొరకబుచ్చుకోనిచ్చి, చిత్తయిపోయింది.

ఆనందపురం దాటేదాకా మా మేనకోడలు ఆ పిల్లని తిడుతూనే ఉంది. "పది సెకన్లు మావయ్యా! పైనున్నప్పుడు వెనక్కెందుకు తగ్గాలి? నేనైతే మధ్యలోనే నిలబడేదాన్ని. నన్నంత గట్టిగా కొట్టింది కదా, దాన్నేటి అలా ఒగ్గేసింది?"

మధురవాడలో మొక్కజొన్న పొత్తులు కొనిచ్చాను. పొత్తు తింటూ నా కాళ్లు రెండూ అడ్డంగా పెట్టమంది, సీటు సందులో ఫితలే పట్టి చూస్తానని. కండక్టరు టికెట్ల మిషనుతో మమ్మల్ని దాటడానికి కుదరక అక్కడే నిలబడ్డాడు.